నాయన గడ్డం, నాయన కత్తి

కడప నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి రాయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆయనకు 36 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. వాళ్ల నాయన ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నలభై ఏళ్లు మంగలి షాపు నడిపారు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు కుడివైపు కిందికి జారింది. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లోవాళ్లకు తప్ప అర్థం కాదు. షాపులో గిరాకీలకు ఎన్నో ఏళ్లుగా బ్లేడు మార్చే కత్తే వాడినా, తన గడ్డం మాత్రం పాత మడత కత్తితోనే గీసుకునేవారట. ఇప్పుడు ఆ పని కొడుకే చెయ్యాలని, ఆ కత్తితోనే చెయ్యాలని పట్టు. ట్రిమ్మర్ చేతిలోకి తీసుకుంటే మొహం తిప్పేసుకుంటారు.

కొడుకు రెండుసార్లు గీశారు. మొదటిసారి ముక్కు కింద గాటు పడింది. రెండోసారి గొంతు ముడి పక్కన పడింది. నాయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి ఆ రక్తం చాలాసేపు ఆగలేదు. అమ్మ కత్తి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. నాయన ఒక్క మాట అనలేదు, గోడవైపు తిరిగి పడుకున్నారు. అప్పటినుంచి రెండు వారాల గడ్డం. భార్య ట్రిమ్మర్ చాలంటారు. బెంగళూరులో ఉన్న అన్న ఫోన్ చేసి, "ఎవరినన్నా ఇంటికి పిలిపించు, దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు" అంటారు.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "స్కూల్లో మీ నాయన ఏం చేస్తాడని అడిగితే వ్యాపారం అని చెప్పేవాణ్ని. ఒకసారి ఆయన నా వెనకే నిలబడి విన్నాడు. ఏమీ అనలేదు. ఆ పని నేర్చుకోమని నన్ను ఒక్కరోజు కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాడు, నా చెయ్యి వణుకుతోంది. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, ముందు మాత్రల సంగతి చూద్దాం. మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఇవ్వడం మామూలే. గుండె లయ తప్పినవాళ్లకు వార్ఫరిన్ లాంటి ఇంకా గట్టి మందులు ఇస్తారు. మీ నాయన ఏవి వేసుకుంటున్నారో మీరు రాయలేదు. మందుల చీటీ తీసుకెళ్లి డాక్టరును సూటిగా అడగండి: ఈయనకు ఇంట్లో కత్తితో గడ్డం గీయవచ్చా? రక్తం ఎన్ని నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి రావాలి? గడ్డం కోసం మాత్ర ఒక్క పూట కూడా ఆపకండి. డాక్టరు వద్దంటే వద్దే. అప్పుడు నాయనకు ఆ మాట డాక్టరు నోటితోనే చెప్పించండి. కొడుకు చెబితే భయపడుతున్నాడు అనుకుంటారు, డాక్టరు చెబితే వింటారు.

డాక్టరు సరే అన్నారనుకుని మిగతాది రాస్తున్నాను.

ఉత్తరం నిండా మీ చెయ్యి వణికిందనే ఉంది. నేను అడిగేది వేరే. ఈ ఏడు నెలల్లో ఆ కత్తిని తోలు పట్టా మీద ఎవరు రుద్దారు? మీరు రాయలేదంటే ఎవరూ రుద్దలేదనే అనుకుంటున్నాను. మడత కత్తి అలా పడి ఉంటే పదును నిలవదు. ఇనుము కాబట్టి కంటికి కనపడనంత తుప్పు అంచును తినేస్తుంది. వాడే కత్తి అయినా రోజూ అరుగుతుంది. ఉక్కు కంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుకే కత్తి అంచును పెచ్చులు ఊడేలా చేస్తుందని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో చూపించారు. మైక్రోస్కోపు లేకపోయినా ఈ సంగతి మీ నాయనకు చేతులతో తెలుసు. మంగళవారం షాపు మూసి ఉన్నరోజు ఆయన కత్తులు ముందేసుకుని కూర్చోవడం మీరు చూసే ఉంటారు.

పదును లేని కత్తి వెంట్రుకను కొయ్యదు, లాగుతుంది. లాగినప్పుడు మనకు తెలియకుండానే చెయ్యి నొక్కుతుంది. నొక్కినప్పుడే గాటు పడుతుంది. కాబట్టి ఆ రెండు గాట్లకూ మీ వణుకు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను.

అందుకే కత్తిని ముందు సానకు ఇవ్వండి. మీరు నూరకండి, అది ఏళ్ల తరబడి నేర్చే పని. మీ నాయన తోటివాళ్లలో పాత కత్తులు నూరగల పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి వెళ్లండి. మీరు నేర్చుకోవాల్సింది పట్టా మీద రుద్దడం. పట్టాను వంగకుండా బిగుతుగా పట్టుకోవాలి. కత్తిని చదునుగా ఆనించి, వీపు ముందు నడిచేలా, పదును వెనక వచ్చేలా లాగాలి. చివరికి వచ్చాక వీపు మీదే దొర్లించి తిప్పాలి. పదును మీద తిప్పితే తోలు తెగుతుంది, కత్తీ పాడవుతుంది. గీసే ముందు ప్రతిసారీ ముప్పై నుంచి యాభై సార్లు పోనూ రానూ. ఇది నాయన మంచం పక్కనే కూర్చుని చెయ్యండి. మాట సరిగా రాకపోయినా ఆయన చెవి బాగుంది. పట్టా మీద కత్తి శబ్దం వింటే సరిగా ఆనుతోందో లేదో ఆయనకు తెలిసిపోతుంది. ఆయన ఎడమ చెయ్యి పనిచేస్తోంది కదా. సరిగా లేకపోతే వేలెత్తమని చెప్పండి.

ఇక ముఖం మీదికి వద్దాం. రెండు వారాల గడ్డాన్ని నేరుగా కత్తితో గీయకండి, పొడుగు వెంట్రుక ఇంకా లాగుతుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చెయ్యండి. ట్రిమ్మర్ వద్దంటే కత్తెరకు ఒప్పుకుంటారు, అది ఆయన పనిముట్టే. తర్వాత గోరువెచ్చని తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు వేసి ఉంచండి, వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. పక్షవాతం వచ్చినవైపు వేడి సరిగా తెలియకపోవచ్చు. కాబట్టి గుడ్డను ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి.

కడపలో బోరు నీళ్లతో సబ్బు నురగ రాదని మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లలోని సున్నం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా తేలిపోతాయి. ఆ మడ్డి మీద కత్తి జారదు, పట్టేస్తుంది. ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు ఒక గిన్నెడు పక్కన పెట్టుకోండి, గడ్డానికి అంతకన్నా అక్కర్లేదు. లేదా నీళ్లు బాగా కాచి, తేర్చి వాడండి, కొంత సున్నం అడుగుకు దిగుతుంది.

నురగ మాత్రం మీరు పెట్టకండి. బ్రష్ నాయన ఎడమ చేతికి ఇవ్వండి. అద్దం ముందు పెట్టండి. నలభై ఏళ్లు కుడి చేత్తో చేసిన పని ఎడమ చేత్తో వంకరటింకరగా వస్తుంది, సగం చొక్కా మీద పడుతుంది. పడనివ్వండి. నురగ లేనిచోట మీరు తర్వాత అద్దండి. ఆయన గడ్డం పనిలో ఆయన చెయ్యి ఉండాలి. ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని గట్టిగా అడిగేది ఇదొక్కటే.

నాయనను పడుకోబెట్టి గీయకండి. పక్షవాతంలో మింగడం కష్టమయ్యే వాళ్లుంటారు, నురగ నీళ్లు గొంతులోకి పోతాయి. కిటికీ వెలుగులో కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక తువ్వాలు చుట్టి ఆనించండి. పళ్ల సెట్ ఉంటే పెట్టించండి, లోపలికి పోయిన బుగ్గ కాస్త నిండుతుంది.

కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అంతకన్నా ఎత్తితే గీరుతుంది, మరీ పడుకోబెడితే లాగుతుంది. కత్తి బరువే పనిచెయ్యాలి. ఒక్కటి మాత్రం మరిచిపోకండి, కత్తిని అంచు పొడవున పక్కకు జారనివ్వకండి. చిన్న చిన్న గీతలుగా ముందుకు పోతే వెంట్రుక తెగుతుంది. పక్కకు జారితే చర్మం తెగుతుంది, నొప్పి కూడా వెంటనే తెలియదు. గొంతు దగ్గర పడిన గాటు అలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం.

కష్టమైన చోట్లన్నిటికీ కిటుకు ఎడమ చేతిలో ఉంది, కత్తి పట్టిన చేతిలో లేదు. చర్మాన్ని సాగదీసి పట్టుకునే చెయ్యే అసలు మంగలి చెయ్యి. తడి మొహం మీద వేళ్లు జారతాయి. షాపుల్లో పటిక ముక్క తీసుకుని వేళ్లకు రుద్దుకుంటారు, అప్పుడు పట్టు దొరుకుతుంది.

దవడ మూల ఎముక మీద గీయకండి. చర్మాన్ని చెవి వైపు పైకి లాగితే దవడ కింద ఉన్న వెంట్రుకలు చెంప చదును మీదికి వస్తాయి, అక్కడ గీయండి. గొంతు ముడి దగ్గరా అంతే. ముడి మీద కత్తి పెట్టే పనే లేదు. చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పక్కకు జరిపి, మెత్తగా ఉన్న చోట గీసి, వదిలేసి, రెండోవైపు జరపండి. మింగితే ముడి పైకి కదులుతుంది. ఆయన మింగి అయ్యాకే కత్తి ఆనించండి. మెడ మీద వెంట్రుక అందరికీ కిందికే వాలదు. తలలో సుడి ఉన్నట్టే మెడలోనూ ఉంటుంది. కత్తి పట్టే ముందు పొడి గడ్డం మీద వేలు నాలుగు దిక్కులా నడిపి చూడండి, నున్నగా పోయే దిక్కే వాలు. వాలు వెంటే గీయండి. ఎదురు మాత్రం వద్దు, ముసలి చర్మం మీద అసలే వద్దు. నున్నగా రాదు, గరుకు మిగులుతుంది. మిగలనివ్వండి. ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలే తెగి, వంకర తిరిగి లోపల పెరుగుతుంది, కురుపులు లేస్తాయి.

కింది పెదవి కింద గుంట ఉంటుంది. బొటనవేలితో గడ్డం కొనను కిందికి లాగితే గుంట చదునవుతుంది. గడ్డం కొన మీద ఒక్కసారిగా కత్తి నడపకండి, గుండ్రం మీద అంచు ఒక్క చుక్క చోటే ఆనుతుంది కాబట్టి బియ్యపు గింజంత గీతలే వెయ్యాలి.

ముక్కు కింద అన్నిటికన్నా కష్టం. మనం అయితే పై పెదవిని పళ్ల మీదికి లాక్కుంటాం. మీ నాయన కుడివైపు అలా చెయ్యలేరు. ముక్కు కొనను ఒక వేలితో కాస్త పైకెత్తండి. మధ్యలో ఉన్న గాడిని పెదవితో పాటు పక్కకు జరిపితే అది చదును మీదికి వస్తుంది. కత్తిని మామూలు కంటే కాస్త పడుకోబెట్టి పైనుంచి కిందికి గీయండి. మీ కత్తి కొన చదరంగా, మూల పొడుచుకుని ఉంటే ఇక్కడ తప్పకుండా గుచ్చుకుంటుంది. నూరే పెద్దాయనను ఆ మూల కాస్త గుండ్రం చెయ్యమని అడగవచ్చు. కానీ నాయన ఒప్పుకుంటేనే, కత్తి ఆయనది.

దీనికి ఇంకో దారి ఉంది. మీసం ఉంచుకుంటావా నాయనా అని అడగండి. అన్నిటికన్నా కష్టమైన చోట కత్తి పనే తప్పిపోతుంది. నోరు జారినవైపు అన్నం, పాలు మీసానికి అంటుకుంటాయి కాబట్టి కత్తెరతో పొట్టిగా ఉంచాలి. కొందరికి ఇది నచ్చుతుంది. నున్నటి మొహమే తన మొహం అనుకునే మనిషికి నచ్చదు.

జారిన కుడి చెంప చివర్లో గీయండి. అక్కడ చర్మం వదులుగా ఉంటుంది, గాలి నింపి బుగ్గ ఉబ్బించడం ఆయన వల్ల కాదు. పైకి, చెవి వైపుకు లాగి పట్టుకుని కొంచెం కొంచెంగా గీయండి.

ఇదంతా చదివి భయం పెరిగి ఉంటే, అన్నీ ఒక్క రోజే చెయ్యక్కర్లేదు. నేను మా మామయ్యకు ఏడాదిన్నర గడ్డం గీశాను, ఆయన మంచంలో ఉండేవారు. మొదటి నెలంతా రెండు చెంపలే గీశాను. పెదవి, గొంతు ట్రిమ్మర్‌తో కానిచ్చాను. మీరూ అలా మొదలుపెట్టవచ్చు. చెంపలకు నాయన కత్తి, మిగతాచోట్ల మీ ఆవిడ చెప్పిన ట్రిమ్మర్. సగం సగం పని అని నాయన ముఖం ముడుచుకోవచ్చు. కానీ ట్రిమ్మర్ ఒక్కటే తెస్తే అసలు కత్తే పోయిందని ఆయనకు అనిపిస్తుంది. చెంపల మీద కత్తి నడిచాక మూతి దగ్గర ట్రిమ్మర్ పెడితే ఆయన ఒప్పుకోవడానికి అవకాశం ఎక్కువ. రక్తం పలచబడే మందులున్నవాళ్లకు కరెంటు షేవరే మేలని డాక్టర్లు చెప్పే మాటలో నిజం ఉంది, మీ ఆవిడ తప్పు చెప్పడం లేదు.

బ్లేడు మార్చే కత్తితో నేర్చుకోవాలని మీకు అనిపించవచ్చు. ప్రతిసారీ కొత్త బ్లేడు కాబట్టి నూరే పని లేదు, శుభ్రం. కానీ అది తేలికగా ఉంటుంది, అంచు మరీ పదును, చిన్న తప్పుకే గాటు పడుతుంది. చేతికి అలవాటు కావాలంటే గాలి నింపిన బుడగకు నురగ పూసి గీయండి, పగలకుండా గీయడం వచ్చాక మీ చెంప మీద ప్రయత్నించండి. అది మీకు విడిగా కొన్న కత్తితోనే. నాయన కత్తి మీ మొహం మీద, మీ కత్తి ఆయన మొహం మీద పెట్టకండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి లాంటివి రక్తంతో అంటుకుంటాయనే కదా చాలా షాపులు బ్లేడు మార్చే కత్తులకు మారింది.

మీ అన్న మాటను కోపంతో కొట్టేయకండి. నాయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇప్పుడు షాపులు పెట్టుకుని ఉంటారు. వాళ్లలో ఒకరు నెలకోసారి వచ్చి గురువుకు గడ్డం గీస్తే అది ఆయనకు గౌరవమే కావచ్చు. లేదా తాను నేర్పినవాడి ముందు ఇలా కూర్చోవడం సిగ్గనిపించవచ్చు. రెండూ జరగవచ్చు, ఆయనను అడగకుండా పిలవకండి. పిలిస్తే మీరు పక్కన నిలబడి చూడండి, ఎడమ చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో చూడండి.

ఇక 'వ్యాపారం' అన్న మాట. మీరు ఆ మాట అన్నప్పుడు స్కూలు పిల్లాడు. ఆయన విని ఊరుకున్నారు, ఆ షాపు సంపాదనతోనే మిమ్మల్ని బ్యాంకు ఉద్యోగం దాకా చదివించారు. ఆయన గోడవైపు తిరగడంలో మీరు ఆ పాత సంగతి చదువుతున్నారు. నాకు అలా కనపడడం లేదు. కత్తి పట్టి బతికిన మనిషి, ఆ కత్తి పాడైందని తెలిసీ చెప్పలేక, బీరువాలో తాళం పడుతుంటే చూస్తూ ఉండిపోయారు. ఆయన బాధ మీ మీద కోపం అవ్వక్కర్లేదు. అయినా నేను ఊహించడం కంటే మీరు అడగడం మేలు. "నాయనా, ఆరోజు స్కూల్లో నేనన్నది తప్పు" అని చెప్పాలనిపిస్తే గడ్డం పని అయ్యాక, పటిక రుద్ది, మొహం తుడిచాక చెప్పండి. కత్తి చేతిలో ఉన్నప్పుడు వద్దు, మీ చెయ్యి నిలకడగా ఉండాలి. చెప్పబుద్ధి కాకపోతే చెప్పకండి. గడ్డం పనినే ఆ తప్పుకు క్షమాపణగా చేసుకుంటే మాత్రం చెయ్యి ఇంకా వణుకుతుంది.

అమ్మతో మీరొక్కరే మాట్లాడండి. ఆమె భయం నిజమైనది, రక్తం చూసింది ఆమె. డాక్టరు ఏమన్నారో, కత్తిని సానకు ఇచ్చారని, మొదట చెంపలే గీస్తారని చెప్పండి. తాళంచెవి ఆమె దగ్గరే ఉండనివ్వండి. అడిగి తీసుకుని, పని అయ్యాక తుడిచి, ఒక చుక్క కుట్టు మిషన్ నూనె రాసి ఆమెకే ఇవ్వండి.

మళ్లీ గాటు పడితే కంగారుపడి పటిక కోసం పరిగెత్తకండి. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, గడియారం చూసి పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలకూ ఆగకపోతే ఆసుపత్రికి బయల్దేరండి. కుడివైపు గాటు పడితే ఆయనకు తెలియకపోవచ్చు. "నాయనా, ఇక్కడ తెగింది, నొక్కి పట్టుకున్నా" అని ఆయనకు వినపడేలా చెప్పండి. పోయినసారి ఎవరూ ఆయనకు చెప్పలేదు, అందరూ ఆయన తలమీదుగా అరుచుకున్నారు.